వ్యాగన్ నంబరును తిరగేస్తే

అరకు మీదుగా కిరండూల్ వెళ్లే ప్యాసింజర్ బండిలో అందరూ లోయ వైపు కిటికీ కోసం పోటీ పడతారు. క్రాసింగ్ కోసం బండి ఆగినప్పుడు నా చూపు మాత్రం పక్క లైను మీదకే పోతుంది. బస్తర్ నుంచి విశాఖకు దిగుతున్న ఖనిజం బండి అక్కడ ఉంటుంది. ఎర్ర దుమ్ము పట్టిన వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి యాభైకి పైనే. ప్రతిదాని ఒంటి మీదా తెల్ల రంగుతో 11 అంకెలు. పెద్ద డేటాబేసులను వేధించే ఒక మొండి చిక్కు నాకు తేటగా బోధపడింది ఆ అంకెల వల్లే.

బైలాడిలా అంటే ఎద్దు మూపురం. ఒకప్పటి అవిభక్త బస్తర్ జిల్లాలో, ఇప్పటి దంతెవాడలో ఉన్న ఆ కొండలు దూరం నుంచి నిజంగానే అలా కనిపిస్తాయి. అక్కడి ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960లో ఒప్పందం కుదిరింది. దాని కోసమే తూర్పు కనుమలను తొలిచి కిరండూల్ నుంచి కొత్తవలస దాకా రైలు మార్గం వేశారు. 1968లో కిరండూల్ గని పని మొదలైంది. గనులు నడిపే ఎన్.ఎం.డి.సి. ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

ఇక ఆ 11 అంకెలు. మొదటి రెండూ వ్యాగన్ రకం. 10 నుంచి 29 లోపు ఉంటే పైకప్పు లేనిదని అర్థం. తర్వాతి రెండూ ఏ రైల్వేదో చెబుతాయి, ఆపై రెండూ తయారైన సంవత్సరం, ఆ తర్వాత నాలుగు దాని సొంత వరుస సంఖ్య. చివరి అంకెను ఎవరూ కేటాయించరు. ముందున్న పదింటి నుంచి లెక్క కట్టి రాబడతారు. రాసేవాళ్లు ఒక అంకె తప్పు రాస్తే ఈ చివరిది పట్టిస్తుంది.

ఇప్పుడొక ఊహ చేద్దాం. రైల్వే లోపల ఏ డేటాబేసు ఉందన్నది ఇక్కడ అప్రస్తుతం. పట్టాల పక్కన పాఠక యంత్రాలు పెట్టి, వ్యాగన్‌కు అంటించిన ఆర్‌ఎఫ్‌ఐడి బిళ్లను అవి రైలు కదులుతుండగానే చదువుతాయనుకుందాం. ప్రతి వ్యాగన్, ప్రతి యంత్రం దగ్గర, డేటాబేసు పట్టికలో ఒక్కో వరుస రాయిస్తుంది. దేశమంతటి వ్యాగన్లనూ కలిపితే రాత ఆగని ధార. ఒక కంప్యూటర్ దాన్ని మోయలేదు, పదుల సర్వర్లు కావాలి.

ఇలాంటి ధారను తట్టుకునే ఉపాయం 1996లో పాట్రిక్ ఓనీల్, సహచరులు రాసిన పత్రంలో రూపు దిద్దుకుంది: వచ్చిన ప్రతి వరుసకూ డిస్కు మీద చోటు వెతుక్కుంటూ తిరగకుండా ముందు మెమరీలో పోగేసి, క్రమంలో పేర్చి, గంపగుత్తగా దించేయడం. గూగుల్ 2004లో మొదలుపెట్టిన బిగ్‌టేబుల్‌లో ఇదే పద్ధతి కనిపిస్తుంది. 2006లో దాని వివరాలు అచ్చయ్యాక, అదే నమూనాలో హెచ్‌బేస్ అందరికీ ఉచితంగా వచ్చింది. రెండింటిలోనూ ఒకటే నియమం. ప్రతి వరుసకూ ఒక రో కీ ఉంటుంది. వరుసలన్నీ ఆ కీ ప్రకారం నిఘంటువులో మాటల్లాగా క్రమంగా ఉంటాయి. ఆ నిఘంటువును ముక్కలు కోసి ఒక్కో సర్వర్‌కు కొన్ని ముక్కలు అప్పగిస్తారు.

అంటే ఏ వరుస ఏ సర్వర్ మీద పడాలో తేల్చేది కీ మొదటి అక్షరాలు. ఎవరికైనా ముందుగా తోచేది ‘కాలం ముందు, వ్యాగన్ వెనక’ అన్న కీ. చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉంటుందో! కానీ ఈ క్షణం ఎప్పుడూ నిఘంటువు చివరి పేజీలోనే ఉంటుంది. కొత్త వరుసలన్నీ చివరి ముక్కకే పోతాయి. అది నిండితే రెండుగా చీలుతుంది, మళ్లీ రెండో సగానికే అన్నీ. ముప్ఫై సర్వర్లు కొన్నా, ఒకటి చెమటలు కక్కుతుంటే ఇరవై తొమ్మిది చూస్తూ కూర్చుంటాయి. ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని హాట్‌స్పాట్ అంటారు. ఇంకో పది యంత్రాలు కొని చేర్చినా అది చల్లబడదు, కీ మార్చాల్సిందే.

దీనికి మందు పేరు సాల్ట్, ఉప్పు. కీ ముందు ఓ చిన్న సంఖ్య చల్లి వరుసలను చెదరగొట్టడం. మాట మాత్రం పాస్‌వర్డ్‌ల రంగానిది: 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో పాస్‌వర్డ్‌లను దాచే ముందు 12 బిట్ల ఉప్పు కలిపే పద్ధతిని వివరించారు. ఒకే పాస్‌వర్డ్ 4096 రకాలుగా మారగలదు. ఉప్పు అనగానే నా మనసు బస్తర్ సంతలకు పోతుంది. కోస్తాలో పండిన ఉప్పు లంబాడీల ఎద్దుల మీద ఈ కొండలెక్కేది. ఉప్పుకు సరితూకంగా సారపప్పు పోసి వెళ్లిన గిరిజనుల కథ అక్కడ ఇప్పటికీ చెబుతారు. ఆ తూకంలోని అన్యాయాన్ని తలచుకోకుండా నేను ఈ మాట వాడలేను.

ఉప్పు ఎలా పడితే అలా చల్లితే, రేపు ఆ వరుసను వెతకడానికి ఏ ఉప్పు చల్లామో గుర్తుండదు. కీలోంచే లెక్క కట్టి రాబట్టగలిగే ఉప్పు కావాలి. వ్యాగన్ నంబరు చివర ఉన్నది అచ్చంగా అదే కదా!

ఊహకు 1205180347 తీసుకోండి. సరిస్థానాల్లోని 2, 5, 8, 3, 7 కూడితే 25. మూడింతలు చేస్తే 75. బేసిస్థానాల్లోని 1, 0, 1, 0, 4 కూడితే 6. మొత్తం 81. పై పదుల సంఖ్య 90కి తక్కువైంది 9, అదే చివరి అంకె. దాని పక్కది, 348తో ముగిసేది, 6 తెచ్చుకుంటుంది, 349ది 3. ఒకే ఫ్యాక్టరీలో వెంటవెంటనే తయారై, ఒకే బండికి తగిలించిన మూడు వ్యాగన్లివి. నంబర్లను ఉన్నవున్నట్టు కీలుగా పెడితే మూడూ పక్కపక్కనే పడతాయి. తిరగేసి రాయండి: 97430815021, 68430815021, 39430815021. ఒకటి తొమ్మిదో ముక్కకు, ఒకటి ఆరుకు, ఒకటి మూడుకు. రాసేవాడి పొరపాటు పట్టుకోడానికి పుట్టిన అంకె, తలకిందులైతే బరువు పంచే ఉప్పయింది. ఇది చూసిన రోజు కాగితం మీద ఇంకో ఇరవై వ్యాగన్లకు లెక్క వేసుకున్నాను.

ఒక జాగ్రత్త ఉంది. కొత్త పట్టిక ఒకే ముక్కగా మొదలవుతుంది కాబట్టి, 0 నుంచి 9 దాకా పదిగా ముందే కోసి ఉంచాలి. తిరగేసిన నంబరు వెనక కాలాన్ని కూడా తలకిందులుగా, అంటే ఓ పెద్ద సంఖ్యలోంచి తీసేసి పెడితే, తాజా వరుస పైకొస్తుంది. విశాఖ గుమాస్తా ‘నా వ్యాగన్ ఎక్కడ?’ అంటే నంబరు తిరగేసి, నేరుగా ఆ ముక్కకు వెళ్లి, మొదటి వరుస చదివితే చాలు.

కానీ ‘పొద్దున ఆరు నుంచి ఏడు దాకా కొత్తవలస దాటినవి ఏవి?’ అని స్టేషన్ మాస్టర్ అడిగితే ఈ కీ చేతులెత్తేస్తుంది. ఆ గంట పట్టికంతా చెల్లాచెదురై ఉంది, పది ముక్కలూ మొదలు నుంచి గాలించాలి. ఆయన కోసం రెండో పట్టిక పెట్టాలి, స్టేషన్ పేరు ముందు, కాలం వెనక. ప్రతి వ్యాగన్‌కూ రెండు రాతలు, రెట్టింపు డిస్కు.

ఆ ఖర్చు భరించాలో లేదో తేలాలంటే, ముందు స్టేషన్ మాస్టర్ ఆ ప్రశ్న రోజుకు ఎన్నిసార్లు అడుగుతాడో వెళ్లి కనుక్కోవాలి.