పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముంది?

మన ఊళ్లలో ఈ మాట జవాబు కోసం అడిగేది కాదు, తీర్పుగా చెప్పేది. ముప్పై ఏళ్లు నిండని కోడలు తెల్లబట్ట అవుతోందనో, నడుం లాగేస్తోందనో, నెలసరి పది రోజులైనా ఆగడం లేదనో చెబితే చాలు, అత్తగారి నుంచి ఆర్‌ఎంపీ దాకా అందరిదీ ఒకటే సలహా. ‘ఇద్దరు పిల్లలున్నారు, పిల్లల ఆపరేషనూ అయిపోయింది. ఇంకా ఆ సంచి ఎందుకమ్మా? తీయించేసుకో. ఉంచుకుంటే క్యాన్సరవుతుంది.’

ఈ సలహా ఎంత దూరం పోయిందో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపించింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. గర్భసంచి జబ్బులు మన రెండు రాష్ట్రాలనే వెతుక్కుంటూ వచ్చి పడవు కదా! మందులతో నయం కావాల్సిన బాధలకు ఇక్కడ కత్తి పెడుతున్నారు. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయన్నది కూడా ఆ సర్వే చెప్పిన సంగతే. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో కోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

ఆపరేషనయ్యాక పదేళ్లకు, నలభైలోనే ఎముకల నొప్పులు పుట్టి, ఒళ్లంతా ఆవిర్లు కమ్మి, నిద్ర పట్టక తిరిగే ఆడవాళ్లు చెప్పుకునే మాట ఒకటే: ‘అప్పుడు మాకెవరూ చెప్పలేదు.’ ఆ చెప్పడమనేది ముప్పై ఏళ్లప్పుడు మొదలైతే లాభం లేదు. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లకు చెప్పాలి. ఎందుకంటే ఈ అపోహ బుర్రలో పడేది ఆ వయసులోనే. పెద్దమనిషి అయిన రోజున చీర కట్టి, చిమ్మిలి తినిపించి, ఫంక్షన్ చేసి, ‘ఇక నువ్వు పిల్లల్ని కనడానికి తయారయ్యావు’ అన్న ఒక్క ముక్కతో పాఠం ముగిస్తాం. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల యువతులలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పాతికేళ్లు రాకముందే కాన్పులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయినవాళ్లు ఎందరో. ఒంట్లో ఆ అవయవం ఉన్నది పిల్లల కోసమేనని నమ్మిన పిల్ల, ఇరవై ఆరేళ్లకు ‘ఇంక దీనితో పనేముంది’ అనుకోకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు ఒక్కో భయాన్నీ విప్పి చూద్దాం.

తెల్లబట్ట క్యాన్సర్‌కు తొలిమెట్టు కాదు. నెలసరి మధ్య రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు కొంత తెల్లబట్ట ఉండడం సహజం. దురద, దుర్వాసన, పచ్చని రంగు ఉంటే అది చాలావరకు ఇన్ఫెక్షన్. చాలావాటికి కొన్ని రోజుల మాత్రలు చాలు. కొన్నింటికి భర్త కూడా మందు వాడాలి. ఆయన వాడడు, ఈమెకు మళ్లీ వస్తుంది, మూడోసారి వచ్చేసరికి ‘గర్భసంచి పాడైంది’ అంటారు. ఒక మాత్ర వేసుకోవడానికి మగవాడు మొహమాటపడితే ఆడదాని పొట్ట కోయడం ఏం న్యాయం?

‘మూతి దగ్గర పుండుంది’ అన్నది ఆడవాళ్లను అన్నింటికన్నా ఎక్కువగా బెదరగొట్టే మాట. గర్భసంచి ముఖద్వారం లోపలి పొర కొంచెం బయటికి కనబడి ఎర్రగా ఉండడం యువతుల్లో, గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో మామూలే. చాలామందికి వైద్యమే అక్కర్లేదు. అనుమానముంటే పరీక్ష చేస్తారు. పరీక్ష చేయకుండా పుండు పేరు చెప్పి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చే చోట కూర్చోకండి, లేచి వచ్చేయండి.

స్కానింగ్‌లో ‘గడ్డ’ అని రాయగానే భయపడనక్కర్లేదు. ఫైబ్రాయిడ్లు యాభై ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా స్త్రీలలో ఉంటాయి. చాలామందికి అవి ఉన్నట్టే తెలియదు. క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. నెలసరి ఆగిపోయాక మామూలుగా వాటంతటవే కుంచించుకుపోతాయి. వయసులో ఉన్నవాళ్ల అండాశయంలో కనబడే చిన్న నీటి బుడగలు ఎక్కువగా రెండు మూడు నెలల్లో మాయమైపోతాయి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిజంగా ప్రమాదకరమైనదే. అందుకే దాని గురించి పుకార్లు చెప్పకూడదు, సరైన సంగతులు చెప్పాలి. దాదాపు అన్ని కేసుల్లోనూ అది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. ఇన్ఫెక్షన్ క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్లకు పైనే పడుతుంది. అంత వ్యవధి ఉంది కాబట్టే ముప్పై దాటినవాళ్లకు ముందస్తు పరీక్ష ఉంది. మారుతున్న కణాలను ఆ దశలో పట్టుకుంటే ఆ కొంచెం మేరకే చికిత్స చేసి పంపేస్తారు, గర్భసంచి జోలికే పోరు. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా ఉంది. ఈ వయసు వారికి ఒక్క డోసు కూడా చాలవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఆ టీకా వేస్తే పిల్లలు పుట్టరన్నది పచ్చి అబద్ధం.

ఇక తీసేస్తే పోయేదేమిటి? గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. ఆ తేడా చెప్పకుండానే చాలాచోట్ల రెండూ తీసేస్తారు. అండాశయాలు పోయిన మర్నాటి నుంచే ఈస్ట్రోజెన్ పడిపోతుంది. యాభై దగ్గరపడ్డాక మెల్లగా రావాల్సిన మెనోపాజ్ ముప్పైలో ఒక్కసారిగా మీద పడుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా, కొందరిలో అవి కొన్నేళ్లు ముందుగానే పనిచేయడం మానేస్తాయి. ‘నెలనెలా బాధ తప్పుతుంది, కూలికి పోవచ్చు’ అని తీయించుకున్న మనిషి, నలభై దాటేసరికి కూలికే పోలేకపోవచ్చు.

ఈ ఆపరేషన్ ఎవరికీ వద్దని నేననడం లేదు. క్యాన్సర్ ఉన్నా, గర్భసంచి బాగా జారిపోయినా, పెద్ద గడ్డలతో రక్తం ధారపోతున్నా, మందులు వాడి చూశాక కూడా బాధ తగ్గకపోయినా అది అవసరం కావచ్చు. కానీ అధిక రక్తస్రావమైతే ముందుగా థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలున్నాయి, ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలున్నాయి, హార్మోన్ మందులున్నాయి, కనీసం ఐదేళ్లు పనిచేసే హార్మోన్ లూప్ ఉంది. ఇవేవీ చూడకుండా కత్తి దగ్గరికి పోకూడదు.

చిన్నాచితకా నమ్మకాల మీద ఎక్కువ సేపు ఆగను. ముట్టులో ముట్టుకుంటే ఆవకాయ చెడదు. తలస్నానం చేస్తే రక్తం గడ్డకట్టదు. ఆటలాడితే గర్భసంచి జారదు. స్కూల్లో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది, అంతే, ఏ హానీ లేదు. 2019–21 సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల అమ్మాయిల్లో పదిమందికి ఆరుగురు రక్తహీనతతో ఉన్నారు. ఆ మాత్రను కాలవలో పారేయకుండా, అన్నం తిన్నాక, టీ తాగే వేళకు దూరంగా వేసుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం అమ్మమ్మలకు కొంత ఒప్పుకోవాలి. ‘కాన్పయితే ఆ నొప్పి తగ్గుతుందిలే’ అన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఏ జబ్బూ లేకుండా వచ్చే నెలసరి నొప్పి వయసు పెరిగేకొద్దీ, కాన్పు తర్వాత, చాలామందిలో తగ్గుతుంది. కానీ పదిహేనేళ్ల పిల్లను అందాకా ఏడవమనడం ఏ ప్రేమ? నొప్పి మొదలవుతుండగానే డాక్టరు చెప్పిన నొప్పి మాత్ర వేస్తే ఆ పిల్ల బడికి పోగలదు. మాత్ర వేసినా మెలికలు తిరుగుతుంటే అది ఎండోమెట్రియోసిస్ కావచ్చు. పదిమంది స్త్రీలలో ఒకరికి ఉండే ఈ జబ్బు పెళ్లితో నయం కాదు. ఏళ్ల తరబడి ఎవరూ గుర్తించకపోతే, చివరికి అదే ఆపరేషన్ బల్ల మీదికి చేరుస్తుంది.

అందుకని అమ్మాయిలూ, నెలసరి తేదీలు రాసుకోండి. ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, మూడు నెలలు రాకపోయినా ఇంట్లో చెప్పండి. చెప్పినా పట్టించుకోకపోతే ఆశా అక్కకు, ఏఎన్‌ఎమ్‌కు చెప్పండి. రేపు మీ అమ్మకో, వదినకో ఎవరైనా గర్భసంచి తీయాలంటే, పక్కన కూర్చుని మీరే అడగండి: జబ్బు పేరేమిటి? ఏ పరీక్షలో తేలింది? మందులతో ఎన్ని నెలలు చూశారు? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? తీసినదాన్ని ల్యాబ్‌కు పంపి రిపోర్టు ఇస్తారా? ప్రాణం మీదికొచ్చిన రక్తస్రావమైతే తప్ప ఈ ఆపరేషన్‌కు ఈ రోజే అన్న తొందర ఉండదు. జిల్లా ప్రభుత్వాసుపత్రిలోనో, మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో రెండో డాక్టరుకు చూపించే వ్యవధి ఉంటుంది.

ఇప్పటికే ఆపరేషన్ అయిపోయినవాళ్లు బీరువాలో ఉన్న డిశ్చార్జి కాగితం తీసి, అండాశయాలు ఉన్నాయో తీసేశారో ఎవరి చేతనైనా చదివించుకోండి. నలభై అయిదేళ్లలోపు రెండు అండాశయాలూ తీసేసి ఉంటే, ఆ కాగితంతోనే స్త్రీవైద్య నిపుణుల దగ్గరికి వెళ్లి, హార్మోన్ చికిత్స మీకు పనికొస్తుందా, ఎముకల పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి అని అడగండి.