సంబంధం (గణితశాస్త్రం)

గణితశాస్త్రంలో ఒక సమితిలోని మూలకాలను మరొక సమితిలోని మూలకాలతో గాని, అదే సమితిలోని ఇతర మూలకాలతో గాని జతపరచే నియమాన్ని సంబంధం అంటారు. సమితిలోని సభ్యానికీ, ఆక్సిజన్, ఇనుము వంటి రసాయన మూల పదార్థాలకూ తెలుగులో "మూలకం" అనే ఒకే మాట వాడుకలో ఉంది. అర్థాలు వేరైనా రెండు చోట్లా ఒక పోలిక కనిపిస్తుంది: మూలకాల జాబితా తయారు చేయడంతో శాస్త్రం పూర్తి కాదు, వాటి మధ్య గల సంబంధాలు తెలిసినప్పుడే అది ప్రారంభమవుతుంది. ఈ వ్యాసంలో సంబంధాల రకాలు సంగారెడ్డి జిల్లాలోని (2016 వరకు మెదక్ జిల్లా) పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు ఉదాహరణలతో వివరించబడ్డాయి.

నిర్వచనం

క, చ అనేవి రెండు సమితులు అనుకుందాం. మొదటి స్థానంలో క నుండి ఒక మూలకాన్నీ, రెండవ స్థానంలో చ నుండి ఒక మూలకాన్నీ తీసుకొని వ్రాసిన జతను క్రమయుగ్మం అంటారు. ఇటువంటి క్రమయుగ్మాలన్నింటి సమితి క, చ ల కార్టీజియన్ లబ్దం. ఈ లబ్దానికి గల ప్రతి ఉపసమితీ క నుండి చ కు ఒక సంబంధమే. క లో 3, చ లో 2 మూలకాలు ఉంటే లబ్దంలో 6 క్రమయుగ్మాలు ఉంటాయి. కనుక క నుండి చ కు శూన్య సంబంధంతో కలిపి మొత్తం 64 సంబంధాలు సాధ్యం.

క్రమయుగ్మంలో వరుస ముఖ్యం. "కలుస్తుంది" అనే సంబంధంలో (ఇసుకవాగు, నక్కవాగు) అనే యుగ్మం ఉంటుంది, (నక్కవాగు, ఇసుకవాగు) ఉండదు.

ముఖ్య ధర్మాలు

ఒకే సమితిలోని మూలకాల మధ్య గల సంబంధాన్ని సాధారణంగా మూడు ధర్మాలతో పరీక్షిస్తారు.

పరావర్తనం: ప్రతి మూలకానికీ తనతో తనకు సంబంధం ఉండాలి. సంఖ్యలలో "సమానం" పరావర్తన సంబంధం, "కంటె పెద్దది" కాదు.

సౌష్ఠవం: మొదటి దానికి రెండవ దానితో సంబంధం ఉంటే, రెండవ దానికి మొదటి దానితో కూడా ఉండాలి. "పొరుగు ఊరు" సౌష్ఠవ సంబంధం.

సంక్రమణం: మొదటి దానికి రెండవ దానితో, రెండవ దానికి మూడవ దానితో సంబంధం ఉంటే, మొదటి దానికి మూడవ దానితో కూడా ఉండాలి. "కంటె పెద్దది" సంక్రమణ సంబంధం. "పొరుగు ఊరు" సంక్రమణం కాదు.

క్రమ సంబంధం: వాగులు, నదులు

పటాన్‌చెరు ప్రాంతంలోని ఇసుకవాగు నక్కవాగులో కలుస్తుంది. నక్కవాగు మంజీర నదిలోనూ, మంజీర గోదావరిలోనూ కలుస్తాయి. "నేరుగా కలియుట" సంక్రమణ సంబంధం కాదు, ఎందుకంటే ఇసుకవాగు నేరుగా గోదావరిలో కలవదు. అయితే "ఎగువన ఉండుట" అనే సంబంధం సంక్రమణం. ఇసుకవాగు నక్కవాగుకు ఎగువ, నక్కవాగు మంజీరకు ఎగువ, కాబట్టి ఇసుకవాగు మంజీరకు కూడా ఎగువే. ఈ సంబంధం సౌష్ఠవం కాదు. దిగువన ఉన్నది తిరిగి ఎగువ కాజాలదు.

ఇటువంటి సంబంధాన్ని పాక్షిక క్రమ సంబంధం అంటారు. "పాక్షిక" అనడానికి కారణం, ఏ రెండు మూలకాలనైనా పోల్చగలగాలన్న నియమం లేకపోవడం. మంజీర గోదావరి ఉపనది, మూసీ కృష్ణా ఉపనది. వీటిలో ఏదీ రెండవ దానికి ఎగువన లేదు.

తుల్య సంబంధం: వర్గీకరణ

పై మూడు ధర్మాలూ గల సంబంధాన్ని తుల్య సంబంధం అంటారు. ఇది సమితిని ఒకదానితో ఒకటి కలవని భాగాలుగా విభజిస్తుంది. పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ సంస్థ విత్తన నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలైన పంటలకు చెందిన లక్షకు పైగా నమూనాలు భద్రపరచబడి ఉన్నాయి. "ఒకే పంటకు చెందినది" అనేది ఆ నమూనాల మధ్య తుల్య సంబంధం. 1869లో మెండలీవ్ ప్రకటించిన ఆవర్తన పట్టిక నుండి రూపొందిన నేటి పట్టికలో "ఒకే గ్రూపుకు చెందినది" అనే సంబంధం కూడా ఇటువంటిదే.

ప్రమేయం, విలోమం: వ్యర్థజలాల ఉదాహరణ

మొదటి సమితిలోని ప్రతి మూలకానికీ రెండవ సమితిలో ఒకే ఒక మూలకంతో సంబంధం ఉంటే దానిని ప్రమేయం అంటారు. వేర్వేరు మూలకాలకు వేర్వేరు ప్రతిబింబాలు ఉంటే అది అన్వేక ప్రమేయం. అన్వేకం కానప్పుడు ప్రతిబింబాన్ని చూసి మూలాన్ని గుర్తించడం సాధ్యం కాదు.

పటాన్‌చెరులో 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం ప్రారంభమైంది. సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాలు ఆ కేంద్రానికి చేరేవి. ప్రతి కర్మాగారాన్నీ అది నీరు పంపే కేంద్రంతో జతపరిస్తే వచ్చేది ప్రమేయమే; కాని 90 మూలకాలకూ ప్రతిబింబం ఒక్కటే. బయటకు వచ్చే నీటిలో ఒక రసాయనం కనిపించినప్పుడు అది ఏ కర్మాగారానిదో ఆ నీటిని మాత్రమే చూసి చెప్పలేము. నష్టపోయిన రైతుకు ఈ గణిత విషయం కేవలం పాఠం కాదు, బాధ్యుడు ఎవరనే ప్రశ్న. ఈ ప్రాంతపు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. నీరు కలియక ముందే, ప్రతి కర్మాగారం వద్ద విడిగా కొలవడమే మూలాన్ని తెలుసుకొనే సరియైన మార్గం.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ఈ కేంద్రం నుండి శుద్ధి అయి వెలువడిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే సూక్ష్మజీవినాశక ఔషధం లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు ప్రకటించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే గరిష్ఠ పరిమాణం కంటె ఇది ఎక్కువ. లీటరుకు 30 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 1500 ఘనపు మీటర్ల నీరు వెలువడితే, అందులోని మందు 45 కిలోగ్రాములు అవుతుంది.

సహసంబంధం, కారణ సంబంధం

విజ్ఞాన శాస్త్రాలలో రెండు రాశులు కలిసి పెరగడాన్ని, లేదా ఒకటి పెరిగినప్పుడు రెండవది తగ్గడాన్ని సహసంబంధం అంటారు. ఇది సౌష్ఠవం. మందుల అవశేషాలు ఎక్కువగా ఉన్నచోట మందులకు లొంగని సూక్ష్మజీవులు ఎక్కువ అన్నా, ఆ సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్నచోట అవశేషాలు ఎక్కువ అన్నా భావం ఒక్కటే. కారణ సంబంధానికి సౌష్ఠవం లేదు. దానికి దిశ ఉంటుంది. కనుక సహసంబంధం ఒక్కటే కారణాన్ని నిరూపించదు.

దిశను వెదకడానికి ఎగువ, దిగువ స్థలాలను పోల్చడం ఒక పద్ధతి. 2011లో ప్రచురితమైన ఒక పరిశోధనలో శుద్ధి కేంద్రానికి ఎగువనా, దిగువనా వాగు అడుగున గల మట్టిని పరీక్షించారు. దిగువ మట్టిలో మందులకు లొంగకుండా చేసే జన్యువులు అధికంగా కనిపించాయి. నీరు ఎగువకు పారదు కాబట్టి, ఈ తేడా మూలం ఎటువైపు ఉందో సూచిస్తుంది. ఇతర కారణాలు లేవని చూపడానికి మాత్రం మరిన్ని పరీక్షలు అవసరం.

ఒక యుగ్మం మారినప్పుడు

2009లో ఈ కేంద్రపు నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టపు మార్గం ద్వారా మళ్ళించి, హైదరాబాదు మురుగునీటితో పాటు అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు జరిగింది. అంబర్‌పేట నుండి నీరు మూసీలోకి వెళ్తుంది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. గణిత దృష్టితో చూస్తే మారినది ఒక్క క్రమయుగ్మమే: కేంద్రానికి జతగా ఇసుకవాగు ఉన్నచోట అంబర్‌పేట వచ్చింది. కాని సంక్రమణ ధర్మం వలన ఆ కేంద్రానికి దిగువన ఉన్న నదుల జాబితా మొత్తం మారి, గోదావరి పరీవాహకానికి బదులు కృష్ణా పరీవాహకం వచ్చింది. సంబంధం మారినంత మాత్రాన నీటిలోని పదార్థం పరిమాణం తగ్గదు. అది తగ్గవలసినది శుద్ధి వలన, అంతకు ముందు కర్మాగారంలో తీసుకొనే జాగ్రత్త వలన.