ఎండ సోకని చోట చర్మ క్యాన్సర్: నివారణ, స్వీయపరీక్ష అలవాట్లపై ఒక పరిశీలన

కీలక పదాలు: చర్మ క్యాన్సర్, మెలనోమా, అరికాలు, మానని పుండు, స్వీయపరీక్ష.

చర్మ క్యాన్సర్ నివారణ అనగానే ముందుగా వినిపించేవి ఎండ, సన్‌స్క్రీన్ అనే రెండు మాటలు. చొక్కా తొడుక్కోండి, సన్‌స్క్రీన్ రాసుకోండి, టోపీ పెట్టుకోండి అనే అర్థంలో 1981లో ఆస్ట్రేలియాలో మొదలైన ప్రచారం ఈ బోధనకు ఆదర్శంగా నిలిచింది. తెల్లని చర్మం గల జనం ఎక్కువగా ఉండి, ఎండ తీవ్రత కూడా ఎక్కువైన ఆ దేశానికి అది సరైన మార్గమే. దానిని యథాతథంగా మన సమాజానికి అన్వయించడంలోనే చిక్కు ఉంది.

చామనఛాయ, నలుపు చర్మాలలో మెలనిన్ అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. అందువల్ల ఈ వ్యాధి మనలో అరుదు. అయితే వచ్చిన మెలనోమాలో గణనీయమైన భాగం అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద కనిపిస్తుంది. దీనికి ఎండ ప్రధాన కారణం కాదు. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోటి కింద మచ్చను మొదట ఫుట్‌బాల్ దెబ్బగా భావించారు. అది మెలనోమా అని 1977లో తేలింది. 1981లో, 36వ ఏట ఆయన మరణించాడు. మన పల్లెల్లో చెప్పులు లేకుండా నడిచే రైతుకూలీ కూడా అరికాలి మచ్చను ముల్లు గుచ్చుకున్న గుర్తనో, ఆనెకాయ అనో అనుకోవడం సహజం. పుట్టుకతో మెలనిన్ లోపించిన ఆల్బినిజం బాధితుల సంగతి వేరు. వారికి ఎండ నుంచి రక్షణ జీవితాంతం అవసరం.

మన దేశపు చర్మ క్యాన్సర్లలో మరొక పాయ అలవాట్లతో ముడిపడినది. కాశ్మీరులో చలికి దుస్తుల లోపల పెట్టుకునే నిప్పుల కుంపటి కాంగ్డీ వల్ల పొట్ట మీద, తొడల మీద వచ్చే క్యాన్సర్‌ను 19వ శతాబ్దంలోనే గుర్తించారు. ఖానోల్కర్, సూర్యాబాయి 1945లో ప్రచురించిన వ్యాసంలో ధోవతి ముడి నడుమును ఏళ్ల తరబడి ఒరుసుకోవడం వల్ల వచ్చే క్యాన్సర్‌ను వివరించారు. ఉత్తరాంధ్ర తీరంలోని అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు కొసను నోటిలో ఉంచి పీల్చడం, అంగిటికి తెచ్చే క్యాన్సర్ కూడా అదే వ్యాసంలో చోటు చేసుకుంది. అది చర్మానిది కాకపోయినా, వేడి, ఒరిపిడి, అలవాటు కలిసి చేసే హానికి సన్నిహిత ఉదాహరణ. లంగా బొందు బిగించే చోట నల్లబడి, పొలుసులు లేచి, చివరకు పుండుగా మారిన సందర్భాలు కూడా వైద్యసాహిత్యంలో నమోదయ్యాయి. బొందుకు బదులు వెడల్పాటి పట్టీ వాడటం, ముడి వేసే చోటును మార్చుకోవడం ఖర్చులేని నివారణలు. పాత కాలిన మచ్చపైన, ఏళ్లుగా మానని పుండుపైన పుట్టే క్యాన్సర్ విషయంలో కూడా అసలు శత్రువు ఎండ కాదు, ఆలస్యం.

మరి అందరికీ స్క్రీనింగ్ చేయాలా? లక్షణాలు లేనివారి చర్మాన్ని వైద్యుడు కంటితో పరీక్షించడం వల్ల మేలెంతో తేల్చడానికి ఆధారాలు చాలవని అమెరికా నివారణ సేవల కార్యదళం 2023లో పేర్కొంది. వ్యాధి అరుదైన మన దేశంలో ఆ వాదన మరింత బలంగా వర్తిస్తుంది. మన జాతీయ కార్యక్రమం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరిమితం కావడం సమంజసమే అని నా అభిప్రాయం. లోపం ఉన్నది చూసే అలవాటులో. కుష్ఠువ్యాధి గుర్తింపు కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటా చర్మంపై మచ్చల గురించి అడుగుతూనే ఉన్నారు. మధుమేహ రోగులకు రోజూ పాదాలు చూసుకోమని చెబుతూనే ఉన్నాం. ఆ చూపుకే మరికొన్ని ప్రశ్నలు చేర్చవచ్చు. అరికాలిపై మచ్చ పెరుగుతోందా, రంగు మారుతోందా? ఒకే వేలి గోటిపై కొత్తగా వచ్చిన నల్లని నిలువుగీత వెడల్పవుతూ చుట్టూ చర్మానికి పాకుతోందా? నల్లని చర్మం గలవారిలో అనేక గోళ్లపై ఇలాంటి గీతలు సహజంగానే ఉంటాయి కనుక ఇక్కడ చూడవలసింది మార్పును. పాత మచ్చపై పుండు నెల దాటినా మానకుండా, అంచులు గట్టిపడి, రక్తం కారుతోందా? అవునన్న జవాబు వస్తే పసర్లతో, మలాములతో కాలయాపన చేయక, చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించాలి.