మీకు తెలుసా? శంషాబాద్‌లో ‘ఇఫ్’ లేని షరతులు

★ శంషాబాద్ ఎయిర్‌పోర్టు ప్రారంభోత్సవం 2008 మార్చి 14న జరిగింది. అదే నెల 5న పైలట్లకూ, వారితో రేడియోలో మాట్లాడే కంట్రోలర్లకూ ఇంగ్లీషు పరీక్ష నిబంధన అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో పెట్టిన కొలబద్దలో ఆరు స్థాయిలు. దేశాలు దాటే విమానం నడపాలంటే కనీసం నాలుగో స్థాయి రావాలి. ఉచ్చారణ, వ్యాకరణం, పదసంపద, ధారాళత, గ్రహింపు, సంభాషణ అన్నీ చూస్తారు. ఒక్కదాంట్లో మూడొచ్చినా మొత్తం లెక్క మూడే!

★ ఇంత పట్టుదల వెనక మన దేశంలోనే జరిగిన ఘోరం ఉంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ సిబ్బందికి ఇంగ్లీషు అంతంత మాత్రంగా రావడం కూడా కారణాల్లో ఒకటని తేలింది.

★ ఇంగ్లీషు షరతు వాక్యం అనగానే మనకు ‘ఇఫ్’ గుర్తొస్తుంది. రన్‌వే దగ్గర ఇచ్చే షరతు అనుమతిలో ఆ మాటే ఉండదు. “బిహైండ్ ద ల్యాండింగ్ ఎయిర్‌బస్, లైనప్ బిహైండ్” అంటాడు కంట్రోలర్. దిగుతున్న ఆ ఎయిర్‌బస్ ముందుకు వెళ్లాకే రన్‌వే మీదికి రండి అని అర్థం. ముందు షరతు, తర్వాత అనుమతి, చివర మళ్లీ షరతు. అనుమతి ముందు వినపడితే విమానం కదిలిపోయే ప్రమాదముంది కాబట్టే ఈ వరస. ఆ ఎయిర్‌బస్ పైలట్‌కూ కంట్రోలర్‌కూ కళ్లారా కనిపిస్తుంటేనే ఇలా చెప్పాలి. విన్నది పైలట్ తిరిగి అప్పజెప్పాలి. 4,260 మీటర్ల శంషాబాద్ ప్రధాన రన్‌వే మీదా పద్ధతి ఇదే.

★ షరతును ముందు చెప్పడం తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. “వానొస్తే బస్సు లేటవుతుంది” అంటాం. ఇంగ్లీషులో షరతు ముందూ రావచ్చు, వెనకా రావచ్చు. ముందొస్తే మధ్యలో కామా పెడతారు, అంతే. మన పిల్లలు తడబడేది వరస దగ్గర కాదు, కాలం దగ్గర. ‘వస్తే’లో కాలం లేదు. ‘లేటవుతుంది’లో ఉంది. దాన్ని చూసి రెండువైపులా ‘విల్’ తగిలించి “ఇఫ్ ఇట్ విల్ రెయిన్” అనేస్తారు. ఇంగ్లీషులో ‘విల్’ ఫలితం వైపే ఉంటుంది. “ఇఫ్ యువర్ బ్యాగ్ ఈజ్ ఓవర్ 15 కిలోస్, యూ విల్ పే ఎక్స్‌ట్రా.” చెకిన్ కౌంటర్లో ఉద్యోగం కావాలనుకునేవాళ్లు ఈ ఒక్క వాక్యం నోటికి పట్టిస్తే సగం పని అయినట్టే. “ఇఫ్ యూ విల్ ఫాలో మీ” అని మర్యాదగా పిలవడం వేరు. అక్కడ ‘విల్’ మీ ఇష్టాన్ని అడుగుతోంది.

★ “తెల్లారితే దుబాయ్ ప్రయాణం” అంటాం. తెల్లారడంలో అనుమానమేముంది? ఇంగ్లీషు ఇక్కడ ‘ఇఫ్’ను ఒప్పుకోదు, ‘వెన్’ కావాలంటుంది.

★ “చిన్నప్పుడు బేగంపేట ఎయిర్‌పోర్టుకు వెళ్లి విమానాలు చూసేవాణ్ణి.” “సెలవు దొరికి ఉంటే నేనూ చూసేవాణ్ణి.” మొదటిది జరిగింది, రెండోది జరగలేదు. రెంటికీ మనం వాడింది ‘చూసేవాణ్ణి’ ఒక్కటే. ఇంగ్లీషులో ‘వుడ్’ కూడా అంతే! పాత అలవాటునూ, జరగని ఊహనూ అదే మోస్తుంది. “తెల్లవారుజామునే ఎయిర్‌పోర్టు పుష్పక్ బస్సు ఎక్కి ఉంటే ఫ్లైట్ అందేది” అన్నప్పుడు ‘ఎక్కి ఉంటే’కు ‘హ్యాడ్ క్యాచ్డ్’ కాదు, ‘హ్యాడ్ కాట్’. ‘అందేది’కి ‘వుడ్ హావ్’. ఇంగ్లీషు షరతు వాక్యాలకు టైపు జీరో, వన్, టూ, త్రీ అని పట్టిక బట్టీ పట్టించేకంటే ఈ పోలిక చూపిస్తే పిల్లలకు త్వరగా ఎక్కుతుందని నా నమ్మకం.

★ తెలుగు వాచకంలోనూ ఈ షరతు రూపాలున్నాయి. పేరు చేదర్థకం. ‘వస్తే’, ‘చూస్తే’, ‘తింటే’ అన్నీ అవే. తెలుగు పీరియడ్‌లో చేదర్థకం, ఇంగ్లీషు పీరియడ్‌లో కండిషనల్స్ విడివిడిగా నేర్పుతున్నాం. ఇద్దరు టీచర్లు ఒక్కరోజు కలిసి కూర్చుని పాఠం చెబితే ఎంత బాగుంటుంది! అలాంటి ప్రయత్నానికి ఇదే తగిన ఊరు. దేశంలో ఇంగ్లీషు బోధనను మెరుగుపరచడానికి 1958లో సంస్థను పెట్టింది మన హైదరాబాద్‌లోనే. ఇవాళ్టి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే.

★ ఎయిర్‌పోర్టులో వినిపించే “షుడ్ యూ నీడ్ అసిస్టెన్స్” అన్నది ప్రశ్న కాదు, ‘ఇఫ్’ దాచిన షరతు. “ఇన్ ద ఈవెంట్ ఆఫ్” కూడా అదే కోవ.

★ అన్నిట్లోకీ జాగ్రత్తగా చూడాల్సింది ‘అన్‌లెస్’. మన ‘రాకపోతే’, ‘ఇవ్వకపోతే’ అదే. కాదనడం దాని లోపలే ఉంది, పక్కన మళ్లీ ‘నాట్’ పెడితే అర్థం తిరగబడుతుంది. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి ఎందరో శంషాబాద్‌లోనే విమానమెక్కి గల్ఫ్ వెళ్తున్నారు. వాళ్ల ఉద్యోగ ఒప్పందాల్లో జీతం, సెలవు, తిరుగు టికెట్ షరతులు ‘అన్‌లెస్’, ‘ప్రొవైడెడ్ దట్’ (అలా అయితేనే) వాక్యాల్లో ఉండొచ్చు. మీ ఇంట్లో ఎవరైనా వెళ్తుంటే, సంతకం పెట్టకముందే ఆ వాక్యాలు చదివి తెలుగులో విడమరచి చెప్పండి.