పెద్దమ్మతో 'మయూరి' చూసిన మధ్యాహ్నం

మేడ్చల్ బస్టాండు ఎదుటి టీ బండి దగ్గర నా కథ విననివారు లేరు! సినిమా కథ కాదండోయ్, నాకు జరిగిన అన్యాయం కథ. ఒక సీరియల్ కంపెనీవారు నేను చెప్పిన కథ విని, "కబురు చేస్తాం" అన్నారు. కబురు రాలేదు. ఆరు నెలలకు ఆ కథే టీవీలో వచ్చింది, పేరు మాత్రం మరొకరిది. అన్యాయమే, కాదనను. కానీ ఆ సంగతి నాలుగేళ్లపాటు చెప్పాను. ఆ నాలుగేళ్లలో రెండో కథ ఒక్క పేజీ రాయలేదు. "ఇప్పుడేం రాస్తున్నవ్?" అని ఎవరడిగినా పాత పాటే ఎత్తుకునేవాణ్ణి. జాలిపడి టీ డబ్బులు వాళ్లే ఇచ్చేవారు. అదో సుఖం!

మొన్నామధ్య శామీర్‌పేటలో పెద్దమ్మను చూడబోయాను. షుగరు ముదిరి ఆమెకు మోకాలి కింద కాలు తీసేసి ఏడాది దాటింది. పెట్టుడు కాలు తెచ్చిచ్చారు గానీ అది మంచం కింద సంచిలోనే ఉంది. మొదట చూపించుకున్న ఆస్పత్రిలో పుండును పట్టించుకోలేదని పెద్దమ్మ బాధ. ఆమె తన కథ, నేను నా కథ... ఇద్దరం మంచి జోడీ!

ఆ మధ్యాహ్నం టీవీలో 'మయూరి' వచ్చింది.

పాత పాఠకులకు కొత్తగా చెప్పేదేముంది! ఉషాకిరణ్ మూవీస్ పతాకంపై రామోజీరావు నిర్మించిన చిత్రం. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సంగీతం. 1985లో తెలుగునాట ఊపేసింది. మరుసటి ఏడాది 'నాచే మయూరి'గా హిందీకి వెళ్లింది. కాలు పోయిన నర్తకి పాత్రలో నిజంగా కాలు పోయిన నర్తకి సుధా చంద్రనే నటించింది. ఆమెకు జాతీయ అవార్డుల్లో ప్రత్యేక జ్యూరీ బహుమతి దక్కింది.

"నిజంగనే కాలు లేదా గా పిల్లకు?" అంది పెద్దమ్మ, మంచం మీద లేచి కూర్చుంటూ.

అసలు సంగతి చెప్పాను. 1981లో తల్లిదండ్రులతో గుడికి వెళ్లి వస్తుండగా తిరుచ్చి దగ్గర బస్సు ప్రమాదం. దెబ్బ చిన్నదే! పైన కట్టు కట్టారు గానీ లోపల గాయం కుళ్లింది. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. అప్పుడామె వయసు 16.

"డాక్టర్లను తిట్టుకుంట కూసోలేదా?"

"తిట్టుకునే ఉంటుంది పెద్దమ్మా, ఎవరికైనా కడుపు మండదూ! కానీ జైపూరు బండి కూడా ఎక్కింది."

జైపూరులో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ ఉన్నారు. రామచంద్ర శర్మ అనే చేతిపనివాడితో కలిసి రబ్బరు పాదం తయారుచేసిన మనిషి. పడమటి దేశాల పాదం బూటు తొడుక్కుని నడిచేవారి కోసం చేసింది. మనవాళ్లు వట్టికాళ్లతో పొలంలోకి దిగాలి, గొంతుకు కూర్చోవాలి, బాసిపట్టు వేయాలి. అందుకు పుట్టిందే జైపూర్ కాలు. 1981లోనే ఆయనకు రామన్ మెగసెసే బహుమతి వచ్చింది. ఆ వార్త ఒక పత్రికలో చదివే సుధ ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లింది.

నడవడం వేరు, నాట్యం వేరు. అరమండిలో కూర్చుని నేలను దబదబ తట్టాలి. మిగిలిన కాలు ఒరుసుకుపోయి నెత్తురు కారేది. అడుగు ఎక్కడ తిరగడం లేదో సేథీకి చూపించి, కాలును సరిచేయించుకుని మళ్లీ సాధన చేసింది. 1984 జనవరిలో బొంబాయిలో మళ్లీ వేదిక ఎక్కింది.

సినిమాలో కొంత కల్పన కలిపారు. కాలు పోగానే మొహం చాటేసిన ప్రేమికుడు అలాంటివాడే. ఆ రోజుల్లో మన సినిమాల్లో హీరోయిన్‌కు కష్టం వస్తే చివరి రీలు దాకా కన్నీళ్లే! హాల్లో ఆడవాళ్ల కొంగులు తడిస్తే వంద రోజులు గ్యారంటీ. మయూరి కూడా ఏడుస్తుంది, కాకపోతే త్వరగా కళ్లు తుడుచుకుని గజ్జెలు వెతుక్కుంటుంది. నాకు నచ్చింది అదే.

అయితే ఒక మాట. సుధకు డాక్టరు దొరికాడు, పనిమంతుడు దొరికాడు, పక్కన తండ్రి ఉన్నాడు. ఇవేమీ లేనివాణ్ణి పట్టుకుని "లేచి నడువు, నీదే బాధ్యత" అని నీతులు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కానీ మా పెద్దమ్మకు కాలు ఉంది, సంచిలో. నాకు కలం ఉంది, జేబులో.

సినిమా అయ్యాక పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ సంచి ఇటు తియ్‌రా బిడ్డా" అంది.

తొడగడానికే పావుగంట పట్టింది. గడప దాకా నాలుగడుగులు వేసి, "అమ్మో, నొస్తుందిరా!" అని కూలబడింది. మర్నాడు వాకిలి దాకా వచ్చిందట. బిగువైన చోట సరిచేయించడానికి తీసుకెళ్లాం. ఆస్పత్రి మీద ఫిర్యాదు కాగితం కూడా ఆమె చెబుతుంటే నేనే రాశాను. తప్పు చేసినవాణ్ణి అడగొద్దని ఎవరన్నారు?

నిన్న ఫోన్ చేసింది. చెరువు కట్ట మీద బండలో కూర్చుని మాట్లాడుతోందట. ఎవరి సాయంతో వెళ్లావని అడగబోతుంటే నా మాట మధ్యలోనే తుంచేసింది.

"నీ రెండో కథ యాడిదాకా వచ్చింది?"

"పదకొండో పేజీ, పెద్దమ్మా."