ఆకాశం నుంచి పడిన ముక్క ఎవరిదో ఎలా తెలుస్తుంది?

2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర ఆకాశంలో మంటల చారలు కనిపించాయి. తెలంగాణను ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో పెద్ద లోహపు రింగు, గుండ్రటి ట్యాంకు దొరికాయి. చాలామంది ఉల్క అనుకున్నారు. కానీ ఉల్కకు వెల్డింగ్, బోల్టులు ఉండవు కదా!

నిపుణులు ముందుగా పడిన టైమ్, దిక్కు చూస్తారు. ఆ సమయంలో అటుగా కిందికి దిగాల్సిన రాకెట్ భాగం ఏదో ట్రాకింగ్ లెక్కల్లో వెతుకుతారు. అలా చూసే, ఇది 2021 ఫిబ్రవరిలో వెళ్లిన చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో దశ కావచ్చని ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డోవెల్ చెప్పారు. తర్వాత ఆకారం, లోహం, నంబర్లు పోల్చి చూస్తారు. 2023లో ఆస్ట్రేలియా తీరంలో దొరికిన పెద్ద గుండ్రటి వస్తువు మన శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీదేనని ఇస్రో కూడా ఒప్పుకుంది.

ఎవరిదో తేలితే ఏం లాభం? 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నేల మీద జరిగిన నష్టానికి ప్రయోగించిన దేశమే పరిహారం ఇవ్వాలి. అడగాల్సింది మన ప్రభుత్వం. అందుకు రుజువు కావాలి.

గూడెం కొత్తవీధి లాంటి కొండల్లో పడినా పద్ధతి ఇదే. ముట్టుకోవద్దు, ట్యాంకులో విష ఇంధనం మిగిలి ఉండొచ్చు. పాత ఇనుము కింద అమ్మితే రుజువు పోయినట్టే. దూరం నుంచి ఫోటో తీసి, టైమ్ రాసుకుని, పోలీసులకు చెప్పండి. తెలియని మాట వాట్సాప్‌లో పంపకండి. వచ్చిన వార్తను విచారించుకోమని ఖుర్ఆన్ (49:6) కూడా చెబుతోంది.