గెనిమ కింద పందికొక్కు

ధర్మవరం చెరువు నిండిన ఏడు, దాని కింద వరిమళ్ల గెనిమల మీద పొద్దున్నే తాజా మట్టికుప్పలు కనిపిస్తాయి. మన్ను పొడిపొడిగా, ఇంకా తడిగా ఉంటుంది. ఒక్కో కుప్ప దోసెడో రెండు దోసిళ్లో ఉంటుంది. బొక్క మాత్రం పైకి కనపడదు. కుప్పను చేత్తో తోసి చూస్తే కింద మట్టితో బిగించిన మూత ఉంటుంది. ఆ మూత వెనక కాపురం పందికొక్కుది.

ఐరోపా తోటల్లో ఇలాంటి కుప్పలు పోసేది మోల్ అనే జంతువు. పార లాంటి ముంగాళ్లతో నేలలోనే తిరుగుతూ వానపాముల్నీ పురుగుల్నీ తింటుంది. మన దేశంలో దాని ఉనికి తూర్పు హిమాలయాలకూ ఈశాన్య రాష్ట్రాలకూ పరిమితం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే హిందూపురం, పెనుకొండ ఎర్రనేలల్లో అంత తేమ, అన్ని వానపాములు ఎక్కడివి? ఇక్కడ నేల తవ్వేవి ఎలుక జాతులే. వాటిలో పొలాల పందికొక్కును పాత ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్తలు ‘మోల్ ర్యాట్’ అని పిలిచారు. శాస్త్రీయ నామం బాండికోటా బెంగాలెన్సిస్. ఊళ్లో గోదాముల దగ్గర తిరిగే పెద్ద పందికొక్కు దీనికి దాయాది.

ఏ జంతువు ఎక్కడ తవ్వాలో ఇక్కడ నిర్ణయించేది నీరు. వానాధారపు వేరుశనగ చేలల్లో, బీళ్లలో జెర్బిల్ అనే ఎలుకది పైచేయి. పొడవాటి వెనక కాళ్లు, చివర కుచ్చు ఉన్న తోక దాని గుర్తులు. ఒంట్లో నీటిని పొదుపు చేసుకుని గింజలతో, వేళ్లతో నెట్టుకొస్తుంది. దాని బొక్కలు సాధారణంగా తెరిచే ఉంటాయి. పందికొక్కుకు ఆ పొదుపు చేతకాదు. చెరువుల ఆయకట్టు, బోరు కింది వరి, చెరకు, కాలువ కట్టలు దానికి ఇష్టం. గెనిమ మన్ను తవ్వడానికి మెత్తగా, కూలిపోకుండా నిలిచేంత గట్టిగా ఉంటుంది. మడిలో నీళ్లు నిండినా గెనిమ మునగదు, పైగా తిండి పక్కనే. అవసరమైతే పందికొక్కు ఈదుతుంది కూడా.

కలుగు లోపల మీటర్ల కొద్దీ సొరంగాలు, గడ్డి పరిచిన గూడు, గింజలు దాచే అరలు ఉంటాయి. పిల్లల తల్లిని మినహాయిస్తే కలుగుకు ఒక్కటే కొక్కు. మరొకటి చొరబడితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటూ కలబడుతుంది. మట్టి మూత జెర్రిపోతును నిలువరిస్తుంది, లోపలి తేమను కాపాడుతుంది. చూలు సుమారు 23 రోజులు. ఈతకు ఆరేడు పిల్లలు మామూలే. పైరు పాలుపోసుకుని గింజ గట్టిపడే రోజుల్లో ఈతలు ఎక్కువవుతాయి. అప్పుడే కంకులు కొరికి కలుగులోకి చేరవేయడం కూడా జోరందుకుంటుంది.

అలా దాచిన గింజల సంగతి మనుషులకు పాతదే. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వాల్టర్ ఇలియట్ 1839లో ప్రచురించిన దక్షిణ మరాఠా ప్రాంతపు క్షీరదాల పట్టికలో వడ్డెరల ప్రస్తావన చేశాడు. చెరువులు తవ్వే ఆ జనం కొక్కుల్ని పట్టి తినేవారట. కోతల కాలంలో కలుగులు తవ్వి ధాన్యం తీసుకునేవారనీ, కలిసొచ్చిన చోట్ల ఆ రోజుల్లో దాదాపు దాని మీదే బతికేవారనీ రాశాడు. బుక్కపట్నం చెరువు లాంటివి విజయనగర రాజుల కాలం నుంచీ ఈ సీమలో పంటలు పండిస్తున్నాయి. చెరువు కట్ట పోసి మాగాణి చేసిన ప్రతిచోటా మనిషి కొక్కుకూ ఇల్లు కట్టిపెట్టాడన్నమాట. ఇప్పుడు హంద్రీ–నీవా పథకం నీళ్లు పెనుకొండ పక్కన గొల్లపల్లి జలాశయం దాకా వస్తున్నాయి. తడి గట్టు కొత్తగా ఏర్పడిన చోట రైతు ఒక కన్ను వేసి ఉంచాలి.

నివారణకు కూడా పందికొక్కు నడవడే దారి చూపిస్తుంది. ఒక రైతు తన మడిలో కొక్కును చంపితే ఆ ఖాళీ కలుగులోకి పక్క మడిది దిగుతుంది. అందుకే ఆయకట్టు రైతులంతా ఒకే వారంలో, పైరు పొట్టకు రాకముందే పూనుకోవాలి. సాయంత్రం కలుగులన్నీ మూసేసి, మర్నాడు తాజా మన్ను పడినవాటికే మందు పెడితే వృథా ఉండదు. జింక్ ఫాస్ఫైడ్ వాడేటప్పుడు ముందు రెండు మూడు రోజులు నూనె కలిపిన వట్టి నూకలు అలవాటు చేయాలి. లేకపోతే కొంచెం రుచి చూసి జబ్బుపడిన కొక్కు మళ్లీ ఆ ఎర ముట్టదు. జెర్రిపోతునూ గుడ్లగూబనూ వాటి మానాన వదిలేస్తే అవి జీతం లేని కాపలా. అన్నిటికంటే చవకైన ఉపాయం గెనిమను సన్నగా, కలుపు లేకుండా ఉంచడం. అడుగు వెడల్పుకు మించని గట్టులో గూడు, కొట్టు, సొరంగం అన్నీ పట్టవు.